వాన కబురు ఎవరు సరిగ్గా చెబుతున్నారు? హైదరాబాద్ ఫోన్లలోకి వచ్చే హెచ్చరికలపై ఒక సమీక్ష

వానాకాలంలో సాయంత్రం నాలుగైందంటే హైదరాబాద్ ఫోన్లన్నీ మోగడం మొదలవుతుంది. టీవీ స్క్రోలింగ్‌లో ‘నగరానికి రెడ్ అలర్ట్’, కాలనీ గ్రూపులో ఎవరో పంపిన రాడార్ బొమ్మ, ఆఫీసు గ్రూపులో ‘త్వరగా బయల్దేరండి’, యూట్యూబ్‌లో ‘పెను ముప్పు’. ఇన్ని కబుర్లు వచ్చినా హైటెక్ సిటీ నుంచి ఎల్బీ నగర్ వెళ్లాల్సిన మనిషికి కావాల్సిన మూడు ముక్కలు దొరకవు: వాన నా దారిలో పడుతుందా, ఎన్నింటికి పడుతుంది, పడితే నేనేం చేయాలి.

వాన, వరద, ఆ తర్వాత వచ్చే జ్వరాల గురించి నగరవాసికి సోషల్ మీడియాలో, ఫోన్‌లో అందుతున్న సేవలను ఆ మూడు ప్రశ్నలతోనే తూచాం. ముందే చెప్పేస్తాం: ఇక్కడ సమాచారానికి కరువు లేదు. మూలంలో పక్కాగా ఉన్న టైము, చోటు చేతులు మారేకొద్దీ రాలిపోతున్నాయి. ఆ రెంటినీ నిలబెట్టుకున్న సేవకే మంచి మార్కులు వేశాం.

వాతావరణ కేంద్రం బులెటిన్

బేగంపేటలోని భారత వాతావరణ శాఖ (ఐఎండీ) కేంద్రం రోజూ జిల్లాలవారీగా హెచ్చరికల పటం ఇస్తుంది. రంగులు నాలుగు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. ఎంత వాన పడుతుందన్నది ఒక్కటే చూసి రంగు వేయరు. పడే అవకాశం ఎంత, పడితే జరిగే నష్టం ఎంత అన్నవి కూడా చూస్తారు. ఆ రంగు జిల్లా మొత్తానిది. అందుకే పటం పసుపుగా ఉన్న రోజున కూడా ఏదో ఒక బస్తీలో మోకాలి లోతు నీళ్లు నిలవొచ్చు.

ఈ బులెటిన్‌లో మాటలకు కొలతలుంటాయి. చదివేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. ‘అక్కడక్కడ’ అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘చాలా చోట్ల’ అంటే 75 శాతం దాకా. కాబట్టి ‘అక్కడక్కడ భారీ వర్షం’ అని చెప్పిన రోజు మీ ఇంటి మీద చుక్క పడకపోయినా ఆ అంచనా తప్పినట్టు కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు ‘భారీ’ అన్న మాటతో ఉంది. రోజువారీ బులెటిన్‌లో భారీ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. అతి భారీ అంటే 115.6 నుంచి 204.4 మి.మీ. ఆపైన అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 దాకా అంతా మోస్తరే. రోజు లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా. ఇప్పుడు అమీర్‌పేటలో సాయంత్రం 5 నుంచి 6 లోపు 50 మి.మీ. కురిసి ఆగిపోయిందనుకోండి. పుస్తకం ప్రకారం అది మోస్తరు వాన. కానీ ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 200 గజాల స్లాబు అంటే 167 చదరపు మీటర్లు. ఆ ఒక్క స్లాబు మీంచే గంటలో 8,300 లీటర్ల పైచిలుకు నీళ్లు వీధిలోకి దిగుతాయి. అలాంటి ఇళ్లు 30 ఉన్న వీధిలోకి గంటలో 5,000 లీటర్ల ట్యాంకర్లు 50 తెచ్చి కుమ్మరించినట్టు. నాలా మూతి దగ్గర నాలుగు ప్లాస్టిక్ సంచులు అడ్డం పడితే చాలు, మిగతాది చెప్పనక్కర్లేదు.

మన నగరాన్ని ఎక్కువసార్లు ముంచేది రోజంతా పడిన వాన కాదు, గంటలో పడిన వాన. 24 గంటల లెక్కలో అది కనిపించదు.

బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాల సంగతి వేరు. 2020 అక్టోబర్ 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా సాగింది. 13, 14 తేదీల మధ్య బేగంపేటలో 24 గంటల్లో 19 సెం.మీ. దాటి వాన పడింది. అలాంటివి రోజుల ముందే కనిపిస్తాయి, బులెటిన్ కూడా ముందే చెబుతుంది. వాటికి ఐదుకు నాలుగున్నర మార్కులు. సాయంత్రం ఉన్నట్టుండి లేచే క్యుములోనింబస్ (ఉరుములు, మెరుపులు తెచ్చే నిలువు మేఘాల) వానలకు రెండున్నర. ఇందులో బులెటిన్ తప్పేమీ లేదు, అది ఆ పనికి పెట్టింది కాదు.

నౌకాస్ట్, రాడార్: సాయంత్రానికి ఇవే దిక్కు

అదే కేంద్రం మూడు గంటల కోసం ఇచ్చేది నౌకాస్ట్. రాడార్ చూసి, ఇప్పటికే పుట్టిన మేఘం ఎటు పోతోందో చెబుతుంది. ఇక్కడ ‘భారీ’కి కొలత మారిపోతుంది: గంటకు 15 మి.మీ. దాటితే భారీ, 5 నుంచి 15 మోస్తరు, 5 లోపు తేలిక. పొద్దున బులెటిన్‌లో ‘మోస్తరు’ అని, సాయంత్రం నౌకాస్ట్‌లో ‘భారీ’ అని చదివి ‘వీళ్లు మాట మార్చారు’ అనుకునేవాళ్లున్నారు. మాట మారలేదు, కొలబద్ద మారింది. రెండు పోస్టుల్లోనూ ‘24 గంటల్లో’, ‘గంటకు’ అన్న చిన్న ముక్క చేరిస్తే ఈ గందరగోళం ఉండదు.

రాడార్ బొమ్మ చూడటం నేర్చుకుంటే సగం భయం పోతుంది. ముందుగా మూలన ఉన్న టైము చూడాలి. యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటే దానికి 5:30 గంటలు కలపాలి. 11:00 అని ఉంటే మనకు సాయంత్రం 4:30. ఆ లెక్క తెలియని వాళ్లు తాజా బొమ్మను పొద్దుటిదనుకుని తీసేస్తారు, పాతదాన్ని కొత్తదనుకుని పంచుతారు. తర్వాత ఒక్క బొమ్మతో సరిపెట్టుకోకుండా వరుసగా రెండు మూడు చూడాలి. పది నిమిషాల తేడాలో మేఘం 5 కి.మీ. కదిలితే వేగం గంటకు 30 కి.మీ. వికారాబాద్ వైపు, దాదాపు 60 కి.మీ. దూరంలో ఉండి ఇటే వస్తుంటే రెండు గంటల టైముంది. అయితే మధ్యలో అది చచ్చిపోవచ్చు, శంకర్‌పల్లి మీద కొత్తది పుట్టుకురావచ్చు. కాబట్టి ఆ లెక్కను అరగంటకోసారి మళ్లీ వేసుకోవాల్సిందే.

రంగుల పక్కన డీబీజెడ్ అని అంకెలుంటాయి, మేఘం నుంచి తిరిగొచ్చే రాడార్ తరంగం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత అది. 40 దాటితే గట్టి వాన, 50 దాటితే వడగళ్లకు కూడా అవకాశం. ఇంకో సంగతి: రాడార్ ఉన్నది బేగంపేటలోనే. ఏ రాడార్ అయినా తన నెత్తి మీదున్న ఆకాశాన్ని పూర్తిగా చూడలేదు. దాని కిరణం నిటారుగా పైకి లేవదు గనుక సరిగ్గా పైన గరాటు ఆకారంలో చూపు అందని చోటు మిగిలిపోతుంది. బేగంపేట, సనత్‌నగర్, పంజాగుట్ట మీద బొమ్మ తేలిగ్గా కనిపించి, కింద వాన దంచుతుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాస్త దూరంలో ఉన్న ఉప్పల్, పటాన్‌చెరు వాళ్లకు బొమ్మ మరింత నికరంగా ఉంటుంది.

మొత్తంగా నాలుగు మార్కులు. ఒకటి తగ్గించింది ఎందుకంటే నౌకాస్ట్ చాలాసార్లు బొమ్మ రూపంలోనే తిరుగుతుంది. బొమ్మలోని అక్షరాలను చూపులేనివారి ఫోన్ చదివి వినిపించలేదు, వెతికితే దొరకవు, సిగ్నల్ బలహీనమైతే తెరుచుకోవు. బొమ్మ పైన రెండు లైన్లు టైపు చేస్తే పోయేదేముంది?

గంట లెక్క ఇచ్చే స్టేషన్లు

తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లు నడుపుతోంది. నగరంలో ఇవి దగ్గరదగ్గరగా ఉన్నాయి, అంకెలు పేటల పేర్లతో వస్తాయి. పై రెండు సేవలు ఏం జరగొచ్చో చెబితే ఇది ఏం జరిగిందో చెబుతుంది. స్వతంత్రంగా వాతావరణ పోస్టులు పెట్టే ఔత్సాహికుల్లో మంచివాళ్లు ఆధారపడేది వీటి మీదే.

చదవడంలో ఒక మెలిక ఉంది. పట్టికలో అంకె ఉదయం 8:30 నుంచి కూడుతూ వచ్చిన మొత్తం. 92 మి.మీ. అని రాత్రి పదింటికి కనిపిస్తే ఇప్పుడు కుండపోతగా ఉందని అర్థం కాదు, అదంతా ఐదింటికే పడిపోయి ఉండొచ్చు. రెండు సమయాల అంకెలు తీసుకుని తేడా చూడాలి. ఉదాహరణకు 5:00కు 12, 5:30కు 39 ఉంటే అరగంటలో 27 మి.మీ. పడిందన్నమాట. అక్కడ అండర్‌పాస్ ఉంటే దారి మార్చుకోవాల్సిన వేళ అదే. ఈ తీసివేతను సేవే చేసి ‘గత 30 నిమిషాల్లో’ అని ఒక నిలువు వరుస చూపిస్తే ఐదుకు ఐదూ ఇచ్చేవాళ్లం. ఇప్పటికి నాలుగు.

‘క్లౌడ్ బరస్ట్’ అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. గంటలో 100 మి.మీ. పడితే దానికి ఆ పేరు. అంతకు తక్కువ పడ్డ ప్రతి వానకూ ఆ పేరు తగిలించే థంబ్‌నెయిళ్లను నమ్మాల్సిన పనిలేదు.

సచేత్, సెల్ బ్రాడ్‌కాస్ట్, దామిని

సచేత్ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ యాప్, సాంకేతికంగా తయారు చేసింది కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే ప్రపంచవ్యాప్త పద్ధతి మీద నడుస్తుంది. ప్రతి హెచ్చరికలో ఎంత తొందరగా స్పందించాలి, ఎంత తీవ్రం, ఎంత నమ్మకం, ఏ ప్రాంతం, ఎప్పటిదాకా అన్నవి విడివిడి గడులుగా ఉండాలన్నది ఆ పద్ధతి. హెచ్చరికను సవరించడానికి, రద్దు చేయడానికి కూడా అందులో ఏర్పాటుంది. వాట్సాప్‌లో లేనిది అదే.

పెట్టుకునేటప్పుడు లొకేషన్ అనుమతి ఇవ్వండి, భాష తెలుగు ఎంచుకోండి. ఆపైన అసలు పని ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంది: బ్యాటరీ విభాగంలో ఈ యాప్‌కు పరిమితులు తీసేయాలి. లేకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చార్జింగ్ మిగల్చడానికి దాన్ని నిద్రపుచ్చుతాయి, హెచ్చరిక మీరు యాప్ తెరిచినప్పుడు గానీ కనిపించదు. ‘యాప్ పనిచేయట్లేదు’ అన్న ఫిర్యాదులకు తరచుగా కారణం ఇదే.

సెల్ బ్రాడ్‌కాస్ట్‌కు యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, మీ నంబరు కూడా అక్కర్లేదు. ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి గట్టి శబ్దంతో చేరుతుంది. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకు వరుసలో వెళ్తుంది, రద్దీలో ఆలస్యమవుతుంది. దీనికి ఆ బాధ లేదు. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా కూతపెట్టినవి దీని పరీక్షలే. అప్పుడు బెదిరి సెట్టింగ్స్‌లో ఆపేసినవాళ్లు సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలోని వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్‌కు వెళ్లి మళ్లీ ఆన్ చేసుకోవాలి. ఫోన్ కంపెనీని బట్టి ఆ పేరు కాస్త మారుతుంది. మూసీ పక్కన ఉండేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి.

పిడుగులకు పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ ఉంది. మీరున్న చోటికి 20, 40 కి.మీ. వలయాల్లో పిడుగులు పడుతున్నాయో లేదో చూపిస్తుంది. మేడ మీద పనిచేసే కూలీలు, మైదానంలో ఆడించే కోచ్‌లు, శివార్లలో పొలాలున్నవాళ్లు పెట్టుకోదగ్గది.

మూసీ గేట్ల కబురు

ఇది చాలామంది పైపైన చదివి దాటేసే పోస్టు, ఒడ్డున ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణాధారం. ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, గేట్లు 15. హిమాయత్ సాగర్ పూర్తి మట్టం 1,763.50 అడుగులు, గేట్లు 17. 1908 మూసీ వరద తర్వాత కట్టినవే రెండూ. జలమండలి వీటి మట్టం, లోపలికి వచ్చే నీరు, బయటకు వదిలే నీరు పోస్టు చేస్తుంది.

పోస్టులో ‘2 గేట్లు ఎత్తారు’ అన్న ముక్క కన్నా ‘ఎన్ని అడుగుల మేర, ఎన్ని క్యూసెక్కులు’ అన్నది ముఖ్యం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. లోపలికి వచ్చేది బయటకు పోయే దానికన్నా చాలా ఎక్కువగా ఉండి, మట్టం పూర్తి స్థాయికి అర అడుగు దూరంలో ఉంటే, తర్వాతి పోస్టులో గేట్లు పెరుగుతాయని ముందే తెలుసుకోవచ్చు. నగరంలో వాన లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. ఈ నీళ్లు వికారాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పడినవి. 2025 సెప్టెంబర్ చివరి వారంలో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండు ప్రాంగణంలోకే నీళ్లు చేరాయి.

గేట్లు ఎత్తితే మొదట దెబ్బ తగిలే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: హిమాయత్ సాగర్ దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డు, నార్సింగి వైపు మంచిరేవుల దారి, చాదర్‌ఘాట్ చిన్న వంతెన, మూసారాంబాగ్ వంతెన, వాటి పక్కన మూసానగర్, కమల్‌నగర్, శంకర్‌నగర్ బస్తీలు. ఈ పేర్లను ఒక్కో ప్రవాహ స్థాయికి ముడిపెట్టి ‘ఇన్ని క్యూసెక్కులు దాటితే ఈ దారి మూత, ఈ బస్తీ ఖాళీ’ అని ముందే పట్టిక చేసి పెడితే ప్రతి పోస్టూ తనంతట తానే ఆదేశమవుతుంది. క్యూసెక్కులు ఇంజినీరుకు అర్థమవుతాయి. బస్తీలో ఉండే అమ్మకు కావాల్సింది ‘ఇంకెంతసేపట్లో మా గడప దాకా వస్తుంది’ అన్న జవాబు. సమాచారానికి నాలుగు, ఆ జవాబు లేనందుకు బస్తీవాసి వైపు నుంచి రెండు.

ట్రాఫిక్ పోలీసుల పోస్టులు ఈ విషయంలో మెరుగు. చోటు పేరు, ఎటు నుంచి ఎటు, ఏ దారి పట్టాలి అన్నవి టైముతో సహా ఉంటాయి. మెట్రో పిల్లర్ నంబరు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు రాస్తే ఇంకా మేలు. ‘మెహదీపట్నం దగ్గర నీళ్లు’ అంటే మూడు కిలోమీటర్ల వెడల్పు మాట, పిల్లర్ నంబరు చెబితే ముప్పై మీటర్ల మాట. మీరు నీళ్లు నిలిచిందని కంట్రోల్ రూమ్‌కు చెప్పేటప్పుడూ అదే చెప్పండి.

నీళ్లు తగ్గాక వచ్చే పోస్టులు

వాన ఆగిన పదో రోజుకు వాతావరణ పోస్టులు తగ్గి జ్వరాల పోస్టులు పెరుగుతాయి. వీటిలో చాలావరకు ‘అప్రమత్తంగా ఉండండి’, ‘పరిశుభ్రత పాటించండి’ అన్న మాటల దగ్గరే ఆగిపోతాయి. చదివినవాడు లేచి చేయడానికి ఏ పనీ ఉండదు.

బాగా పనిచేసే సందేశం ఎలా ఉంటుందో చూపడానికి మన దగ్గరే నమూనా ఉంది. 2020లో రాష్ట్ర పురపాలక శాఖ ‘ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలు’ అని ప్రచారం చేసింది. ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు, అన్నీ ఒక్క వాక్యంలో. దీని వెనకున్న లెక్క కూడా గట్టిది. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కూలర్, పూలకుండీ పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పాత టైరు ఖాళీ చేస్తే ఆ గొలుసు ఎప్పటికప్పుడు తెగిపోతుంది. (దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ ఊరి నుంచి దోమల సందేశాలు గొప్పగా రావాలని ఆశించడం అత్యాశేం కాదు.)

డెంగీ పోస్టులో తప్పనిసరిగా ఉండాల్సిన ముక్క తరచుగా ఉండదు: జ్వరం తగ్గినప్పుడే ప్రమాదం మొదలవ్వొచ్చు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, ఒళ్లు చల్లబడుతున్న వేళ కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి. ‘జ్వరం తగ్గిందిగా’ అని ఊరుకుంటే మించిపోతుంది. ఇంకొకటి, జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. ప్లేట్‌లెట్ల అంకె గురించి భయపెట్టే పోస్టులు వంద కనిపిస్తే ఈ రెండు ముక్కలు చెప్పేవి ఐదారు కూడా దొరకవు.

తాగునీటి పోస్టుల్లోనూ కొలతలే కొరవడతాయి. వరద నీరు సంపులోకి దిగితే ముందు ఆ నీళ్లు తోడేసి, అడుగున బురద తీసి, గోడలు కడగాలి. తేట నీళ్లు నింపాక 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, తెల్లటి మడ్డి అడుగున దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. గంట ఆగాకే వాడుకోవాలి. పౌడర్ డబ్బా చాలాకాలంగా మూత తీసి ఉంటే అందులో క్లోరిన్ ఆవిరైపోయినట్టే, కొత్తది తీసుకోవాలి. క్లోరిన్ బిళ్లలు ఒక్కో బలంలో వస్తాయి. కాబట్టి ‘బిందెకు ఒకటి’ అన్న ఫార్వర్డ్‌ను నమ్మకుండా స్ట్రిప్ మీద ఎన్ని లీటర్లకో చదివి, వేశాక అరగంట ఆగాలి. ఏదీ లేకపోతే నీళ్లు తెర్లి, బుడగలు గట్టిగా లేచాక కనీసం ఒక నిమిషం మరిగించాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ ప్యాకెట్ అందకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. 24 గంటలు దాటితే పారబోయాలి.

ఈ విభాగానికి మొత్తంగా రెండే మార్కులు. ఇవన్నీ వైద్య సిబ్బందికి కొట్టినపిండే, పోస్టర్ మీదికి రావట్లేదు.

కాలనీ గ్రూపు

చివరికి అందరికీ కబురు చేరేది వాట్సాప్‌లోనే. అక్కడ తిరిగే సందేశం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘అలర్ట్! రాబోయే 3 గంటల్లో హైదరాబాద్‌లో కుండపోత. ఎవరూ బయటకు రావద్దు. అందరికీ షేర్ చేయండి.’ ఏ మూడు గంటలు? పంపినవాడికి నాలుగింటికి మొదలైన మూడు గంటలు, రాత్రి తొమ్మిదింటికి చదివినవాడికి తొమ్మిదింటికి మొదలవుతాయి. మర్నాడు పొద్దున బంధువుల గ్రూపులోకి వెళ్తే అక్కడ మళ్లీ మూడు గంటలు. ఈ సందేశానికి చావు లేదు. రెండు సార్లు ఉత్తదయ్యాక మూడోసారి నిజమైనది వచ్చినా ఎవరూ లెక్కచేయరు, అసలు నష్టం అదీ.

దాన్నే ఇలా రాస్తే: ‘జులై 18, శుక్రవారం, సాయంత్రం 4:10. ఐఎండీ నౌకాస్ట్ ప్రకారం రాత్రి 7:00 వరకు శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి వైపు గట్టి వాన, ఈదురుగాలి. సెల్లార్‌లోని బండ్లు 4:45 లోపు పైకి తెచ్చుకోండి. లిఫ్టు వాడొద్దు. 7:00 తర్వాత ఈ సందేశం చెల్లదు.’ గడువు, చోటు, పని, మూలం అన్నీ ఉన్నాయి, ఎవరు ఎప్పుడు చదివినా మోసపోరు. ‘రాబోయే’, ‘ఈరోజు’, ‘రేపు’ అన్న మాటలు సందేశంలో ఉండకూడదు, తేదీ, గంట ఉండాలి. వాన దారి తప్పితే అదే సందేశానికి రిప్లైగా ‘5:30కు రద్దు’ అని పెట్టాలి.

గ్రూపు సెట్టింగుల్లో రెండు పనులున్నాయి. హెచ్చరికలకు వేరే గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. అడ్మిన్లు కనీసం ఇద్దరు, ఒకరు సాయంత్రం ఇంట్లో ఉండేవారు. రెండోది, డిసప్పియరింగ్ మెసేజెస్ 24 గంటలకు పెట్టండి, నిన్నటి హెచ్చరిక ఇవాళ పైకి తేలదు. అప్పటికే బయటి గ్రూపులకు ఫార్వర్డ్ అయినవి మాత్రం అక్కడే ఉండిపోతాయి, వాటిని కాపాడేది సందేశంలోని తేదీయే.

వచ్చినదాన్ని పరీక్షించడానికి రెండు బాణాల గుర్తు చూడండి, చాలాసార్లు చేతులు మారిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్. ఐదు చాట్ల పరిమితి మొదట 2018 జులైలో మన దేశంలోనే వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత. వరద వీడియో అయితే ఒక ఫ్రేమ్ ఆపి గూగుల్ లెన్స్‌లో వెతకండి, దుకాణాల బోర్డులు, పిల్లర్ నంబర్లు చూడండి. వాట్సాప్ మీదుగా వచ్చిన ఫొటోలో తీసిన తేదీ వివరం ఉండదు, కాబట్టి ఫొటో ప్రాపర్టీస్ చూసి లాభం లేదు. ఇక ఫలానా గంటకు భూకంపం వస్తుందనే ఫార్వర్డ్ ఎవరి పేరు మీద వచ్చినా అబద్ధమే. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చి హైదరాబాద్‌ను కూడా కదిపినదాన్ని ముందుగా ఎవరూ చెప్పలేదు, చెప్పే విద్య ఇంకా లేదు.

సందేశంలో ‘ఏం చేయాలి’ అన్న భాగానికి కొన్ని కొలతలు దగ్గర పెట్టుకోండి. పారే నీరు 15 సెం.మీ. ఉంటే పెద్దవాళ్లు కూడా తూలిపడతారు, 30 సెం.మీ. చిన్న కార్లను తేలుస్తుంది, 60 సెం.మీ. పెద్ద బండ్లను కూడా తోసుకుపోతుంది. సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాక బండి కోసం దిగొద్దు, మెయిన్ ఆపకుండా మోటారు ముట్టుకోవద్దు. నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత ఎవరూ తీయకూడదు, ఆ గుంత నీటి కింద కనిపించదు.

అన్ని సేవల్లోనూ కనిపించిన ఒక లోటు భాష. 2020లో బాగా మునిగిన హఫీజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ, టోలిచౌకి నదీం కాలనీల్లో ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, దక్కనీ. ఇంగ్లీషు బొమ్మ, గ్రాంథిక తెలుగు వాక్యం అక్కడ సగం ఇళ్లలో ఆగిపోతాయి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి కట్టుబడి షెడ్లలో ఉండే కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇరవై సెకన్ల వాయిస్ నోట్, అందులో ముందుగా తేదీ, గంట, తర్వాత చోటు, తర్వాత చేయాల్సిన పని. మసీదు కమిటీ పెద్దతో ఒకటి, సైటు మేస్త్రీతో హిందీలో ఒకటి ముందే మాట్లాడి పెట్టుకుంటే వాన రోజున పంపడానికి నిమిషం చాలు.

ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్స్ 108, జీహెచ్ఎంసీ కంట్రోల్ రూమ్ 040-21111111, మ్యాన్‌హోల్, తాగునీటి ఫిర్యాదులకు జలమండలి 155313, తెగిన కరెంటు తీగకు 1912.